పీహెచ్‌డీ అయ్యాక మళ్ళీ ఏంటి?

మా పెద్దమ్మ కూతురు అమెరికాలో హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ళ దేశపు రాజకీయ చరిత్రే తన సబ్జెక్టు. సంక్రాంతికి వీడియో కాల్‌లో "ఈసారి పోస్ట్‌డాక్‌కి అప్లై చేస్తున్నా" అంది. "ఇంకా చదువేనా తల్లీ?" అంది పెద్దమ్మ. అందరం నవ్వాం, అక్క తప్ప. ఆ రాత్రే ఫోన్ చేసి అసలు సంగతేంటో అడిగాను.

మొదటి విషయం: పోస్ట్‌డాక్ చదువు కాదు, జీతమిచ్చే ఉద్యోగం. కాకపోతే ఒకటి, రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. సైన్సులో అయితే ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరి, ఆయన ప్రాజెక్టు మీద పని చేస్తారు. హిస్టరీలో ల్యాబ్ ఉండదు, ప్రాజెక్టు మనదే. చాలామంది తమ థీసిస్‌ని పుస్తకంగా మార్చడానికి ఆ సమయం వాడుకుంటారు. పెద్ద యూనివర్సిటీల్లో ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ఆ పుస్తకమే ముఖ్యం. కొన్నిచోట్ల ఒకటో రెండో క్లాసులు కూడా చెప్పాలి.

రాజకీయ చరిత్ర అంటే ప్రెసిడెంట్ల లిస్టు అనుకునేవాణ్ణి. అక్క ఒక ఉదాహరణ చెప్పింది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం చెప్పే 'తెల్లవాళ్ళు' కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారు అని తీర్పిచ్చింది. అదే ఏడాది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. ఆ తలుపు మళ్ళీ తెరిచింది 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం. అదీ ఏడాదికి వంద మంది కోటాతో! ఆ చట్టాలు ఎవరు, ఎందుకు చేశారో వెతకడమే వీళ్ళ పని.

ఎక్కడ చేస్తారు? మిస్సోరి యూనివర్సిటీలో కిండర్ ఇన్‌స్టిట్యూట్, ప్రిన్స్‌టన్‌లో జేమ్స్ మాడిసన్ ప్రోగ్రాం, డల్లాస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ వారి ప్రెసిడెన్షియల్ హిస్టరీ సెంటర్, విలియమ్స్‌బర్గ్‌లో ఒమొహండ్రో ఇన్‌స్టిట్యూట్ లాంటివి. వర్జీనియాలోని మిల్లర్ సెంటర్‌లో అయితే వైట్‌హౌస్ రహస్య టేపులు విని రాతలో పెడతారు. నిక్సన్ ఒక్కడివే దాదాపు 3,700 గంటలు! 1971 బంగ్లాదేశ్ యుద్ధం నాటి మాటలూ వాటిలో ఉన్నాయి. స్పీచ్ రికగ్నిషన్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళకి ఇంతకంటే కష్టమైన ఆడియో దొరకదేమో.

అప్లికేషన్లు ఎక్కువగా సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపు ఉంటాయి, ఉద్యోగం మరుసటి ఏడు ఆగస్టు ప్రాంతంలో మొదలవుతుంది. రెజ్యూమె, రీసెర్చ్ ప్లాన్, రాసినదాంట్లోంచి ఒక చాప్టర్, రికమండేషన్ లెటర్లు అడుగుతారు. మామూలుగా పీహెచ్‌డీ అయి కొద్దేళ్ళే అయి ఉండాలి.

ఇక అక్క ఎందుకు నవ్వలేదో చెప్తాను. మనం అక్కడ కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చేస్తే ఓపీటీ పన్నెండు నెలలు, దానికి ఇంకో ఇరవై నాలుగు నెలల పొడిగింపు. హిస్టరీకి ఆ పొడిగింపు లేదు, పన్నెండు నెలలే. ఆలోగా ఎవరో ఒకరు వీసా స్పాన్సర్ చెయ్యాలి. ఊరటనిచ్చేది ఒక్కటే: యూనివర్సిటీలు హెచ్-1బి లాటరీ లేకుండానే అప్లై చెయ్యొచ్చు. అంటే అక్కకి పోస్ట్‌డాక్ పుస్తకం రాసుకునే తీరిక మాత్రమే కాదు, ఆ దేశంలో ఉండగలిగే దారి కూడా. ఎవరికి ఎన్నాళ్ళు ఉండే హక్కుందో చదివే మనిషి, తనే ఆ లెక్కలో ఇరుక్కుంది.

ఇదంతా పెద్దమ్మకి నా పద్ధతిలో చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే జీతం ఇస్తారన్నమాట" అంది.

"ఇస్తారు పెద్దమ్మా."

"మరి రెండేళ్ళయ్యాక?"

అదే ప్రశ్న నేను అక్కని అడిగితే, "అప్పటికి పుస్తకం ఉంటుందిగా" అంది.