ఇస్కందరియా: సికందర్ పేరు, సలాహుద్దీన్ రొట్టెలు

తరగతిలో అలెగ్జాండర్ పాఠం మొదలుపెట్టగానే పిల్లలంతా సికందర్ అనే పేరున్న అబ్బాయివైపు తిరిగి నవ్వుతారు. ఎవరో ఒకరు "సికింద్రాబాద్ కూడా ఆయనదేనా సార్?" అంటారు. కాదు. అది మూడవ నిజాం సికందర్ జా పేరు. గ్రీకు సికందర్ పేరు మోస్తున్న మహానగరం ఈజిప్టు తీరంలోని ఓడరేవు అలెగ్జాండ్రియా. అరబ్బీలో ఇస్కందరియా.

క్రీ.పూ. 331లో ఆయన దానికి పునాది వేయించి, కొద్ది నెలల్లోనే పర్షియాపై యుద్ధానికి వెళ్లిపోయాడు. క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో మరణించాడు. తన పేరిట లేచిన నగరాన్ని ఆయన కళ్లారా చూడనే లేదు. శవం మాత్రం తర్వాత అక్కడికి చేరింది. ఆ సమాధి ఎక్కడుందో నేటికీ తేలలేదు. ప్రపంచ వింతల్లో ఒకటైన అక్కడి దీపస్తంభం కూడా భూకంపాలకు కూలిపోయింది. ఆ చోటే మమ్లూక్ సుల్తాన్ ఖాయిత్‌బే కట్టించిన కోట ఇప్పుడు ఉంది.

మన సొసైటీ దాతలకు నేను చెప్పదలచింది మాత్రం 1183 నాటి సంగతి. ఆ ఏడాది అందలూసియా నుంచి హజ్‌కు బయలుదేరిన ఇబ్న్ జుబైర్ అనే యాత్రికుడు ఈ రేవులో దిగాడు. మొదట ఎదురైంది అవమానమే. సుంకం అధికారులు యాత్రికుల నడుములు తడిమి సోదా చేశారు, సామాన్లు కలగాపులగం చేశారు, ఇంకేమీ దాచలేదని ప్రమాణం చేయించారు. దారిఖర్చుకు తెచ్చుకున్న సొమ్ముపై కూడా, ఏడాది నిండిందా లేదా అని అడగకుండానే జకాత్ వసూలు చేశారు. సొమ్ముపై చాంద్రమాన సంవత్సరం గడిస్తేనే జకాత్ విధి అవుతుందని మనకు తెలుసు. సుల్తాన్ సలాహుద్దీన్‌కు ఈ సంగతి తెలిస్తే ఆపించేవాడని ఇబ్న్ జుబైర్ రాసుకున్నాడు.

అదే ఊళ్లో ఆయన మరో దృశ్యమూ చూశాడు. దూరదేశాల విద్యార్థులకు మదరసాలు, బస, గురువు, భత్యం; పరదేశులకు స్నానశాలలు. మగ్రిబ్ నుంచి వచ్చిన బాటసారులు ఎందరున్నా సరే, మనిషికి రోజుకు రెండు రొట్టెలు. కొన్ని రోజుల్లో పంచిన రొట్టెలు 2,000 దాకా ఉండేవట. ఖర్చుకు సుల్తాన్ ఆస్తులు వక్ఫ్ చేశాడు, జకాత్‌లో కొంత కేటాయించాడు. ఎప్పుడైనా తక్కువ పడితే తన సొంత ఖజానా నుంచి తీసుకోమని నిర్వాహకులకు గట్టిగా చెప్పి ఉంచాడు. ఏ ట్రస్టు లెక్కలు చూసేవారికైనా ఈ చివరి మాట విలువ తెలుస్తుంది!

ఆసుపత్రి కూడా ఉండేది. జబ్బుపడినా అక్కడికి రావడానికి మొహమాటపడేవాళ్లు, ముఖ్యంగా పరదేశులు, కొందరుండేవారు. అలాంటివారిని బసలకు వెళ్లి చూసిరావడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టారు. వాళ్లు వచ్చి పరిస్థితి చెబితే వైద్యులు చికిత్స మొదలుపెట్టేవారు. రొట్టెలకంటే కూడా ఈ ఏర్పాటే నాకు పెద్దదనిపిస్తుంది.