టీచర్ అలసట పిల్లల దాకా ఎలా వస్తుంది?



పిల్లల చదువు, ఆరోగ్యం గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ నెల వాళ్లకు చదువు చెప్పేవాళ్ల గురించి, బడి నడిపేవాళ్ల గురించి తెలుసుకుందాం. ఇది స్టాఫ్ రూమ్ సొంత గొడవ కాదు. మీ పిల్లల క్లాసుకు నేరుగా సంబంధించిన విషయం.

లాంగ్ బెల్ తర్వాత

సాయంత్రం లాంగ్ బెల్ కొట్టగానే టీచర్ పని అయిపోయినట్టు కనిపిస్తుంది. చిన్న లెక్క చూడండి. ఒక టీచర్‌కు రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది అనుకుందాం. ఒక్కో నోట్‌బుక్ దిద్దడానికి రెండు నిమిషాలు పట్టినా, 80 నోట్‌బుక్కులకు 2 గంటల 40 నిమిషాలు కావాలి. రేపటి పాఠం, మార్కుల ఎంట్రీ వేరే. విద్యాహక్కు చట్టం 2009 టీచర్‌కు వారానికి కనీసం 45 పని గంటలు అని చెప్పింది. పాఠం సిద్ధం చేసుకునే సమయాన్ని కూడా అందులోనే కలిపింది. అంటే క్లాసు బయట చేసేదీ పనే.

మామూలు అలసట కాదు

ఒకరోజు అలసట రాత్రి నిద్రతో పోతుంది. నెలల తరబడి తగ్గని పని ఒత్తిడి వల్ల వచ్చేదాన్ని బర్న్‌అవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా వివరించింది. గుర్తులు మూడు: ఒంట్లో, మనసులో శక్తి లేకపోవడం, చేసే పని మీద విరక్తి కలగడం, పనితీరు తగ్గడం.

దీని ప్రభావం ముందు పిల్లల మీదే పడుతుంది. అదే డౌట్ రెండోసారి అడిగిన బాబుకు విసుగుతో జవాబు వస్తుంది. చివరి బెంచీలో మౌనంగా కూర్చున్న పాప ఎవరి కంటా పడదు. జూన్‌లో అలవాటైన టీచర్ డిసెంబర్‌లో మానేస్తే, చిన్న క్లాసుల పిల్లలు కొత్త టీచర్‌తో మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రిన్సిపాల్‌ది మరో రకం ఒత్తిడి. మేనేజ్‌మెంట్ రిజల్ట్ అడుగుతుంది, పేరెంట్స్ బస్సు గురించి అడుగుతారు, టీచర్లు సెలవు అడుగుతారు. తన కష్టం చెప్పుకోవడానికి బడిలో తనతో సమానమైన వాళ్లు ఉండరు.

పూలు ఇస్తే సరిపోదు

కరోనా కాలంలో బడులు మూతపడి ఎందరో ప్రైవేటు టీచర్లు జీతం లేక ఇబ్బంది పడ్డారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. టీచర్ క్షేమం అంటే సెప్టెంబర్ 5న ఇచ్చే పూలు మాత్రమే కాదని అప్పుడు అందరికీ అర్థమైంది. టైముకు జీతం, నోట్‌బుక్కులు దిద్దడానికి ఖాళీ పీరియడ్, ఒంట్లో బాగోలేనప్పుడు సెలవు, ఇవే అసలైన క్షేమం. ఇవి చూడాల్సింది బడి.

మీరు చేయగలిగినవి

• చిట్యాల చుట్టుపక్కల ఊళ్లలో పత్తి ఏరే రోజుల్లో మీకు రాత్రి ఎనిమిదయ్యాకే ఫోన్ పట్టుకునే తీరిక దొరుకుతుందని తెలుసు. అప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టండి. జవాబు మాత్రం పొద్దున వస్తుందనుకోండి.
• జ్వరం, బస్సు వంటి అత్యవసరమైతే ఏ టైములోనైనా కాల్ చేయండి.
• ఫిర్యాదు ఉంటే ముందు క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడండి. వాట్సాప్ గ్రూపులో వద్దు, పిల్లల ముందు అసలే వద్దు.
• బాగున్న విషయం కూడా డైరీలో ఒక వాక్యం రాయండి.

మనసు బాగా కుంగినప్పుడు టీచరైనా, తల్లిదండ్రులైనా టెలి మానస్ నంబర్ 14416కు కాల్ చేయవచ్చు. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక, మీ పిల్లల టీచర్‌ను ఇంకొక్క మాట అడగండి: "మా పిల్లల విషయంలో మేము ఇంట్లో ఏం చేస్తే మీకు క్లాసులో సులువవుతుంది?"