తేయాకు తోటలో తెలుగు చర్చి

దక్షిణాఫ్రికా తెలుగువారి చరిత్ర అనగానే మనకు చెరకు తోటలు, కూలీల కష్టాలు గుర్తుకొస్తాయి. ఆ కూలీలే నిలబెట్టుకున్న ఒక పల్లె చర్చి సంగతి మనలో చాలామందికి తెలియదు.

మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్ వచ్చారు. ఒప్పందం ఐదేళ్లు, మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. తమిళులతోపాటు మన తెలుగువారూ వారిలో ఉన్నారు.

ఆ తెలుగువారిలో కొందరు బాప్టిస్టులు. దీనికి మూలం ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అధికులు మాదిగలు.

నటాల్ చేరిన ఈ విశ్వాసులకు తమ భాషలో వాక్యం చెప్పే కాపరి లేడు. ఆ లోటు తీర్చింది తెల్లదొరలు కాదు. స్వదేశంలోని తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. ఆ ఏడాది డిసెంబరులోనే స్టాంగర్ దగ్గర, హ్యులెట్ దొరగారి కీర్స్‌నీ తేయాకు ఎస్టేట్‌లో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. పావు శతాబ్దం క్రితం కరువు కూలీలుగా ఉన్నవారి సంఘాలే సముద్రం దాటించి బోధకుణ్ణి పంపే స్థితికి వచ్చాయన్నమాట!

1915లో రంగయ్యగారు కన్నుమూసేనాటికి మరికొన్ని చోట్ల కూడా సంఘాలు వెలిశాయి. తోటలో అతను ఒక నంబరు. ఆదివారం సంఘంలో మాత్రం పేరున్న మనిషి, తెలుగు మాట్లాడే మనిషి.

తరాలు మారాయి. బడిలో ఇంగ్లీషు, పనిలో ఇంగ్లీషు. చివరికి ఇంట్లోనూ, ఆరాధనలోనూ ఇంగ్లీషే వచ్చింది. సంఘాలు నిలిచాయి గానీ భాష జారిపోయింది.

ఉద్యోగాల కోసం దేశాలు దాటిన మనకు ఇది దూరపు కథ కాదు. గుడి కట్టినా, చర్చి కట్టినా, పిల్లల నోట తెలుగు ఆడకపోతే రెండు తరాల్లో మిగిలేది ఇంటిపేరే. నటాల్ ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా రాసి ఉన్నాయి. ఆ పేర్ల వెనకున్న మనుషుల్ని గుర్తుచేసుకునే పని మనదే.