లాగడం తేలిక, ఆపడం కష్టం

శెనక్కాయ పీకే కాలం. తెల్లవారుజామునే రచ్చకట్ట దగ్గరికి ట్రాక్టరు వచ్చి నిలబడుతుంది. వెనక ట్రాలీ ఉంటుంది. "ఎక్కండక్కా, పొద్దు పోతాంది" అంటాడు డ్రైవరు. ఇరవై మంది ఆడవాళ్ళు సద్దిమూటలు పట్టుకొని ఎక్కుతారు. సాయంత్రానికి అదే ట్రాలీ శెనక్కాయ మూటలతో నిండుతుంది. ఆ మూటల మీద మళ్ళీ వాళ్ళే కూర్చుంటారు.

అనంతపురం సీమలో ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. పడమటి కనుమలు వాన మబ్బులను అవతలే ఆపేస్తాయి. వాన పడితే ట్రాక్టరుకు సేద్యం పని. పడకపోతే నీళ్ళ ట్యాంకరు లాగే పని, పశువులకు గడ్డి తెచ్చే పని. ఏ ఏడైనా ట్రాక్టరు వెనక బరువు తప్పదు.

ఆ బరువు ఎంత? లీటరు నీళ్ళు ఒక కిలో తూగుతాయి. 5,000 లీటర్ల ట్యాంకరు నిండితే నీళ్ళే 5,000 కిలోలు, అంటే 5 టన్నులు. ట్యాంకరు ఇనుము బరువు వేరే. ముందున్న ట్రాక్టరు బరువేమో సుమారు 2 టన్నులు. అంటే తనకన్నా రెండింతలకు పైగా బరువును అది లాగుతోంది. శెనక్కాయ మూట సుమారు 40 కిలోలు. నూరు మూటలు వేస్తే 4 టన్నులు. పైన కూర్చున్న మనుషులను ఎవరూ లెక్కలో వేయరు.

ఇంత బరువును ట్రాక్టరు ఎలా లాగుతుంది? ఇంజనులో డీజిలు మండే చోటును సిలిండరు అంటారు. మన ఊళ్ళలో తిరిగే ట్రాక్టర్లకు ఎక్కువగా మూడు సిలిండర్లు ఉంటాయి. చాలా పెద్ద లారీలకు ఆరు ఉంటాయి. అమెరికాలో ఆరు సిలిండర్ల పికప్ బండ్లు వెనక ట్రైలరు తగిలించుకొని గుర్రాలను, పడవలను కూడా లాగుతాయి. సిలిండర్లు ఎక్కువైతే బలం ఎక్కువే కావచ్చు. కానీ లాగే పనిలో సగం గేరుది. చిన్న గేరులో బండి నిదానంగా పోతుంది, బలంగా లాగుతుంది. మిగతా పని వెనక పెద్ద చక్రాలది. అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి.

కాబట్టి లాగడం పెద్ద కష్టం కాదు. ఆపడమే కష్టం.

ఎద్దులబండిని గుర్తు తెచ్చుకోండి. మిట్ట ఎక్కేటప్పుడు ఎద్దులు బండిని లాగుతాయి. దిగేటప్పుడు బండే ఎద్దులను తోస్తుంది. కాడి మెడ మీదికి జరుగుతుంది. ఎద్దులు కాళ్ళు తన్నిపెట్టి ఆపుకుంటాయి. ట్రాక్టరుకు కూడా ఇదే గతి. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టరు బ్రేకు వేస్తే ట్రాక్టరు ఆగుతుంది. వెనక ఉన్న 5 టన్నులు ఆగవు. అవి ముందుకు నెడతాయి. అప్పుడు ట్రాక్టరు పక్కకు తిరిగి, ట్రాలీతో కలిసి మోకాలు మడిచినట్టు మడత పడుతుంది. ట్రాలీ బోల్తా కొడుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ట్రైలరు బరువు ఒక హద్దు దాటితే దానికి సొంత బ్రేకు ఉండి తీరాలి. ఆ చట్టం పుట్టింది ఈ భయంతోనే.

వేగం సంగతి ఇంకా వింత. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. 20 కిలోమీటర్ల వేగంలో 10 గజాల్లో ఆగే బండి అనుకుందాం. 40 వేగంలో దానికి 40 గజాలు కావాలి. దారిలో మేక అడ్డం వస్తే 40 గజాలు ఎక్కడినుంచి వస్తాయి?

డీజిలు మిగులుతుందని కొందరు డ్రైవర్లు దిగుడులో గేరు తీసేసి న్యూట్రల్‌లో వదులుతారు. ఇది చాలా చెడ్డ అలవాటు. గేరులో ఉంటే ఇంజను కూడా బండిని పట్టి ఆపుతుంది. గేరు తీస్తే ఆ పట్టు పోతుంది. ఏ గేరులో మిట్ట ఎక్కిందో ఆ గేరులోనే దిగాలి.

ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయని చాలామందికి తెలియదు. ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. చేనులో సాలు చివర గబుక్కున తిరగడానికి ఒక పక్క పెడలే తొక్కుతారు. రోడ్డు ఎక్కేముందు ఆ రెంటినీ కొక్కెంతో కలిపేయాలి. మరిచిపోయి ఒక్కటే తొక్కితే ఒక పక్క చక్రమే ఆగుతుంది, బండి గిర్రున తిరుగుతుంది. చేనులోంచి ఇంటికి బయలుదేరేటప్పుడే ఈ మరుపు వస్తుంది. "అన్నా, పెడళ్ళు కలిపినావా?" అని కూలికి వచ్చిన ఆడమనిషి అడిగితే తప్పేమీ లేదు. అడిగితే డ్రైవరు నవ్వవచ్చు. కానీ కిందికి చూసుకుంటాడు.

నిండు కుండ తొణకదంటారు. ట్యాంకరుకు ఈ మాట నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది. సగం నింపిన ట్యాంకరులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి. మలుపులో నీళ్ళన్నీ ఒక పక్కకు వచ్చి బండిని పడదోస్తాయి. లోపల అడ్డు రేకులు ఉంటే ఆ ఊపు తగ్గుతుంది.

మూటలు వేయడంలోనూ తెలివి ఉంది. రెండు చక్రాల ట్రాలీలో బరువంతా వెనక వేస్తే ముందు కొక్కెం పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనక చక్రాల పట్టు పోతుంది. బరువు ఇరుసు మీద, కొంచెం ముందుకు ఉండాలి. ట్రాలీని తగిలించే చోటు కూడా కిందనే ఉండాలి. ఎత్తున గొలుసు కట్టి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు లేచి వెనక్కి పల్టీ కొడుతుంది. తగిలించే పిన్నుకు కింద క్లిప్పు ఉండాలి. పిన్ను పోయిందని ఇనుప ముక్క దూర్చి నడిపే వాళ్ళున్నారు. అది గుంతల దారిలో ఎగిరిపోతే ట్రాలీ దారి ట్రాలీది.

మరి మనుషులు? ట్రాలీ సరుకుల బండి. మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ డబ్బు ఇవ్వనని కోర్టుకెక్కుతుంది. ఇది ఆడవాళ్ళకు తెలియక కాదు. పొద్దున్నే పొలానికి బస్సు ఉండదు. ఆటో బాడుగ రైతు పెట్టుకోడు, కూలిలోంచి పెడితే చేతికి మిగలదు. బాడుగ ఎవరిదో పనికి ఒప్పుకునేటప్పుడే తేల్చుకోవాలి. ఒక్కరు అడిగితే "రాకుంటే మానుకో" అంటారు. ఇరవై మంది కలిసి అడిగితే ఆ మాట అనడం కష్టం, శెనక్కాయ చేనులోనే ఉండిపోతుంది కదా.

వేరే దారి లేక ఎక్కిన రోజున ఖాళీ ట్రాలీలో కింద పలకల మీద కూర్చోవాలి. మూటల మీద వద్దు. చక్రం పైన రేకు మీద, ట్రాక్టరుకూ ట్రాలీకీ నడుమ ఉండే ఇనుప కడ్డీ మీద అసలే వద్దు. జారితే పడేది చక్రం కిందనే. దిగుడు వస్తే ఆపించి దిగి నడవడం మేలు.

రాత్రి రోడ్డు పక్కన నిలిపిన ట్రాలీ వెనక వచ్చే వాళ్ళకు కనిపించదు. దానికి వెనక ఎర్రగా మెరిసే రేకు ఉండాలి. చక్రానికి రాయి అడ్డం పెడతారు, మంచిదే. బయలుదేరేటప్పుడు ఆ రాయిని తీసి రోడ్డు దూరంగా వేయాలి. చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చేవాడికి ఆ రాయి కనపడదు.