మాట వాల్వుపై పట్టే పాచి – ఇంటివారు గమనించవలసినవి

క్యాన్సర్ వలన స్వరపేటికను పూర్తిగా తీసివేసిన తరువాత, మీ ఇంటి పెద్దాయన సిలికాన్ వాల్వు సహాయంతో తిరిగి మాట్లాడుతూ ఉండవచ్చు. కుటుంబ ప్రార్థనలో ఆయన గొంతు మళ్ళీ విన్న రోజు మీరు మరచిపోరు. ఆ మాట నిలవాలంటే వాల్వును గురించి మీకు కొంత తెలియాలి.

శ్వాసనాళానికి, అన్నవాహికకు మధ్య చేసిన చిన్న రంధ్రంలో ఈ వాల్వును అమర్చుతారు. మెడ మీది రంధ్రాన్ని వేలితో మూసినప్పుడు ఊపిరితిత్తులలోని గాలి దీని గుండా అన్నవాహికలోకి వెళ్ళి మాటగా మారుతుంది. త్రాగేటప్పుడు మాత్రం వాల్వు తలుపు మూసుకొని ఉండాలి. అమెరికాలో సింగర్, బ్లోమ్ అనే ఇద్దరు 1980లో ఈ పద్ధతిని ప్రకటించారు. నేటికీ ఏ వాల్వూ శాశ్వతం కాదు. చాలామందికి కొన్ని నెలలకే మార్చవలసి వస్తుంది.

కారణం సూక్ష్మజీవులు. మన నోటిలో మామూలుగా ఉండే కాండిడా అనే ఫంగస్, బాక్టీరియా కలిసి సిలికాన్‌కు అంటుకొని, జిగురు పొర కట్టుకుంటాయి. దీనినే బయోఫిల్మ్ అంటారు. నీళ్ళ తొట్టికి పట్టే పాచి వంటిదే. అయితే ఈ ఫంగస్ సిలికాన్ లోపలికి కూడా చొచ్చుకుపోతుంది. తలుపు బిగుసుకుపోయి సరిగా మూసుకోదు. త్రాగిన నీరు శ్వాసనాళంలోకి కారి దగ్గు వస్తుంది.

ఇక్కడే ఇంటివారు పొరబడతారు. జలుబు అనుకొని దగ్గు మందు ఇస్తారు, లేదా నీళ్ళు తగ్గిస్తారు. రెండూ తప్పే. కారిన నీటి వలన న్యుమోనియా రావచ్చు. ఆయన ఒక గుటక నీరు త్రాగుతుండగా టార్చిలైటుతో చూడండి. వాల్వు మధ్య నుండి కారుతున్నదా, అంచు చుట్టూ కారుతున్నదా? ఈ ఒక్క సంగతి చెబితే డాక్టరుగారికి సగం పని తేలికవుతుంది. మధ్య నుండి అయితే ముందు బ్రష్‌తో శుభ్రం చేసి చూడండి. తగ్గకపోతే వాల్వు మార్చాలి.

ఆసుపత్రిలో ఇచ్చిన సన్నని బ్రష్‌ను వాల్వులో మెల్లగా త్రిప్పుతూ రోజుకు రెండుసార్లయినా శుభ్రం చేయాలి. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీసి కడగాలి. షుగరు అదుపులో ఉండాలి. మజ్జిగ త్రాగితే వాల్వు ఎక్కువ కాలం వస్తుందని నెదర్లాండ్స్‌లో రోగులు చెప్పుకొనేవారు. అక్కడి గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వారు దానిని పరీక్షించి చూశారు కూడా. మన ఇండ్లలో మజ్జిగకు కొదువ లేదు, త్రాగనివ్వండి. కాని అది బ్రష్‌కు బదులు కాదు. ఫంగస్ మందులు డాక్టరు చెప్పినప్పుడే వాడాలి.

వాల్వు ఊడిపోతే రంధ్రం కొన్ని గంటలలోనే మూసుకుపోవచ్చు. మీకు నేర్పించి ఉంటే, ఇచ్చిన రబ్బరు గొట్టాన్ని అందులో పెట్టి వెంటనే తీసుకురండి. ఊడిన వాల్వును కూడా తెండి. అది కనబడకపోతే శ్వాసనాళంలోకి జారి ఉండవచ్చు, కనుక రాగానే ఆ మాట ముందు చెప్పండి.