క్రైస్తవ ప్రార్థన: వంటింటి నుంచి ఆటస్థలం వరకు

చర్చిలో జరిగే సామూహిక ఆరాధన గురించి ముందు భాగంలో చదివారు. కాని విశ్వాసి చేసే ప్రార్థనలో ఎక్కువ భాగం చర్చి బయటే సాగుతుంది. మీ ఇరుగుపొరుగున క్రైస్తవ కుటుంబం ఉంటే అన్నం ముందు క్షణంసేపు కళ్లు మూసుకోవడం, రాత్రి కుటుంబ ప్రార్థన, పిల్లలు పరీక్షకు బయలుదేరేటప్పుడు తలమీద చేయి ఉంచి ప్రార్థించడం వంటివి మీరు చూసే ఉంటారు.

ఈ అలవాటు చాలా పాతది. నియమిత వేళల్లో ప్రార్థించే పద్ధతిని తొలి క్రైస్తవులు యూదు సంప్రదాయం నుంచి స్వీకరించారు. 'డిడాకే' అనే తొలినాటి గ్రంథం పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమంటుంది. ఆరవ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠవాసులకు పగలు ఏడు వేళలు, రాత్రి ఒక వేళ నిర్ణయించాడు. 17వ శతాబ్దంలో పారిస్ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ మరో దారి చూపాడు. ప్రార్థన వేళకూ పని వేళకూ తేడా ఉండనక్కరలేదని, గిన్నెల చప్పుడు మధ్య కూడా దైవసన్నిధిలో ఉండవచ్చని ఆయన భావన.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పరలోక ప్రార్థనలో అనుదినాహారం కోసం అడగడం ఉంది, దేవుని చిత్తం నెరవేరాలని కోరడమూ ఉంది. గెత్సేమనే తోటలో యేసు తన కోరికను చెప్పుకొని, చివరకు నిర్ణయాన్ని తండ్రికే వదిలాడు. అంటే, సిద్ధాంతరీత్యా ప్రార్థన ఫలితాన్ని కొనుక్కునే సాధనం కాదు. ఆచరణ ఎప్పుడూ ఇంత శుద్ధంగా ఉంటుందని అనుకోకండి. విజయవాడ గుణదల మేరీమాత కొండకు వచ్చి తలనీలాలు ఇచ్చేవారిలో మొక్కు చెల్లించే భావనే బలంగా కనిపిస్తుంది.

ఆటస్థలంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. రెండు జట్లూ ప్రార్థిస్తే దేవుడు ఎవరి మాట వినాలి? అందుకే చాలామంది బోధకులు గెలుపును కాక ధైర్యాన్నీ, నిజాయితీనీ, గాయాల నుంచి రక్షణనూ కోరమంటారు. (ఆటలకూ చర్చికీ ఉన్న బంధం కొత్తదేమీ కాదు. మన బడుల్లో ఆడే బాస్కెట్‌బాల్, వాలీబాల్ రెండూ 1891, 1895లలో అమెరికాలోని వై.ఎం.సి.ఎ. శిక్షకులు రూపొందించినవే.)

స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఉదాహరణ చూడండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పోటీలు ఆదివారం పడ్డాయి. ఆదివారం విశ్రాంతి దినమని నమ్మిన లిడెల్, తనకు బాగా పట్టున్న ఆ పరుగును ముందే వదులుకున్నాడు. ఆ ఆదివారం పారిస్‌లోని స్కాట్స్ చర్చిలో ప్రసంగించాడు. తర్వాత 400 మీటర్లలో 47.6 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. దీన్ని ప్రార్థనకు దక్కిన బహుమతిగా చెప్పడం పరిపాటి. నా దృష్టిలో అసలు విశేషం ఆయన వదులుకోవడంలోనే ఉంది, ఎందుకంటే అప్పటికి పతకం వస్తుందన్న హామీ లేదు. ఆయన తర్వాత చైనాలో మిషనరీగా పనిచేసి, 1945లో జపాన్ నిర్బంధ శిబిరంలో మరణించాడు. ఆ శిబిరంలో పిల్లలు కొట్లాడుకుంటుంటే, ఆదివారం ఆటకు కూడా రిఫరీగా నిలిచాడు.

లిడెల్ వదులుకున్నది తన అవకాశాన్ని మాత్రమే. అధికారం ఉన్నవాడు బహిరంగంగా ప్రార్థిస్తే పరిస్థితి మారుతుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్ ప్రభుత్వ పాఠశాలలో ఫుట్‌బాల్ కోచ్ జోసెఫ్ కెన్నెడీ ఆట ముగిశాక మైదానం మధ్యలో మోకరించేవాడు. మొదట ఒంటరిగా చేసేవాడు, తర్వాత విద్యార్థులూ చేరారు. 2015లో పాఠశాల అధికారులు అభ్యంతరం చెప్పారు. 2022లో సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో కోచ్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చి, అది ఆయన వ్యక్తిగత ప్రార్థన అన్నది. విభేదించిన న్యాయమూర్తుల ఆందోళన మాత్రం విద్యార్థుల గురించి. జట్టులో ఎవరు ఆడాలో నిర్ణయించే వ్యక్తి మోకరిస్తే, నమ్మకం లేని పిల్లవాడు పక్కన నిలబడగలడా? 2000లో ఇదే కోర్టు, టెక్సస్ పాఠశాల ఆటలకు ముందు మైకులో విద్యార్థి చేసే ప్రార్థనను రాజ్యాంగ విరుద్ధమన్నది.

క్రైస్తవ గ్రంథంలోనూ దీనికి సంబంధించిన హెచ్చరిక ఉంది. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో యేసు, మనుషులు చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించవద్దనీ, గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమనీ చెబుతాడు. కెన్నెడీ సమర్థకులు మాత్రం కృతజ్ఞతను దాచుకోనక్కరలేదంటారు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: లిడెల్ చర్యకూ, కెన్నెడీ చర్యకూ మధ్య తేడాను 'అధికారం' అనే అంశం ఆధారంగా పది వాక్యాల్లో వివరించండి.