ఫలితానికి పూచీ ఎవరిది?

“అమ్మకాలు రెండింతలు కాకపోతే మీ సొమ్ము మీకే వాపసు!” మార్కెటింగ్ సలహాదారులు కొందరు ఈ మాటతోనే వ్యాపారి గడప తొక్కుతారు. పెట్టుబడి స్వల్పమై, అనుభవం అంతకంటే స్వల్పమైన చిన్న వ్యాపారికి ఇంతకంటే తీయని మాట ఉండదు. కాని సలహాదారు అటువంటి హామీ ఇవ్వదగునా? ఇచ్చినంత మాత్రాన వ్యాపారి దానిని నమ్మదగునా?

ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్‌లో బారిడీహ్ ఒక నివాస ప్రాంతం. కర్మాగారాన్ని ఆశ్రయించి తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన నగరమది. పదవీ విరమణ చేసిన ఒక కార్మికుడు తన గ్రాట్యుటీ సొమ్ముతో బారిడీహ్‌లో పచ్చళ్ల దుకాణం తెరిచాడనుకుందాం. సీసాకు ఖర్చు 80 రూపాయలు. అమ్మకం ధర 100. నెలకు 300 సీసాలు అమ్ముడైతే అతనికి మిగిలేది 6,000 రూపాయలు.

సలహాదారు వచ్చి ధరను 85కు దింపించి, ఊరంతా కరపత్రాలు పంచించాడు. సీసాలు 600 అమ్ముడైనాయి. ఇచ్చిన మాట అక్షరాలా నెరవేరింది. కాని సీసాకు మిగిలేది 5 రూపాయలే గనుక నెల లాభం 3,000కు పడిపోయింది. కరపత్రాల ఖర్చు, సలహాదారు ఫీజు ఇంకా అందులోంచే పోవాలి. హామీ గెలిచింది, దుకాణం ఓడింది.

ఇందులో మోసమేమీ లేదు. సలహాదారు దేనికి పూచీపడ్డాడో దానినే సాధించాడు. చిక్కంతా అక్కడే ఉన్నది. ఫలితానికి కట్టుబడినవాడు సులభంగా లెక్కకు అందే ఫలితాన్నే ఎంచుకుంటాడు. వ్యాపారికి కావలసిన లాభం, మంచిపేరు, మళ్లీ మళ్లీ వచ్చే ఖాతాదారు ఆ లెక్కలో చేరకపోవచ్చు.

“కాదు” అన్న సలహా

సలహాకు విలువ ఎక్కడ ఉన్నదో జంషెడ్‌పూర్ పుట్టుక చరిత్రే చెబుతుంది. 1902లో జంషెడ్జీ టాటా అమెరికా వెళ్లి, చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజనీరును సలహాదారుగా కుదుర్చుకున్నాడు. పెరిన్ తన పక్షాన సి.ఎం. వెల్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుని భారతదేశానికి పంపాడు. నేటి మహారాష్ట్రలోని చాందా ప్రాంతంలో వెల్డ్ అన్వేషణ సాగించాడు. ఇనుప ఖనిజం కనిపించింది గాని, అక్కడ కర్మాగారం నిలబడదని అతడు తేల్చిచెప్పాడు. తరువాత పరిశీలన దుర్గ్ ప్రాంతానికి మారింది. అక్కడ ఖనిజ సంపద ఉన్నా తక్కిన వసతులు కుదరలేదు.

1904 ఫిబ్రవరిలో ప్రమథనాథ్ బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త మయూర్‌భంజ్ సంస్థానంలోని ఖనిజ నిల్వలను గూర్చి లేఖ వ్రాయడంతో దారి తెరుచుకున్నది. చివరకు సాక్చీ గ్రామం వద్ద కర్మాగారం వెలసింది. 1912 ఫిబ్రవరిలో అక్కడ తొలి ఉక్కు వెలువడింది. 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది.

చాందాలో కర్మాగారం పెట్టగలిగితేనే ఫీజు దక్కుతుందన్న షరతు ఉండి ఉంటే, “ఇక్కడ వద్దు” అనడానికి సలహాదారుకు ఎంత నిబ్బరం కావలసి వచ్చేది! కోట్ల రూపాయలు తప్పుచోట పాతుకుపోకుండా కాపాడినది ఆ ఒక్క మాటే. మార్కెటింగ్‌లోనూ అంతే. “ప్రకటనలు మానండి, ముందు సరుకు బాగుచేయండి” అన్నదే ఒక్కొక్కప్పుడు అన్నింటికంటే విలువైన సలహా. అమ్మకాలకు పూచీపడినవాని నోట ఆ మాట రావడం కష్టం.

ఇతర వృత్తుల నియమం

తక్కిన వృత్తులు ఈ సంగతిని ఏనాడో గుర్తించాయి. వ్యాజ్యం గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదులకు నిషేధించాయి. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడాన్ని 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, కొన్ని మినహాయింపులతో, దుష్ప్రవర్తనగా పరిగణిస్తుంది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు కూడా వృత్తినిపుణుడు ఫలితానికి హామీదారు కాడని, తగిన నైపుణ్యాన్ని తగిన శ్రద్ధతో వినియోగించడమే అతని బాధ్యత అని స్పష్టం చేసింది. గూగుల్ అన్వేషణలో మొదటి స్థానం ఇప్పిస్తామని చెప్పేవారున్నారు. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని ఆ సంస్థే ప్రకటించింది.

కారణం సులభగ్రాహ్యం. కొనడం, కొనకపోవడం కొనుగోలుదారు ఇష్టం. పోటీదారు ధర తగ్గించవచ్చు, వర్షాలు బజారును ముంచవచ్చు, సరుకే రుచించకపోవచ్చు. ఇవేవీ సలహాదారు చేతిలో లేవు.

దేనికి పూచీ పడవచ్చు?

అలాగని సలహాదారు చేతులు దులుపుకొని పోరాదు. “ఫలితం మా చేతిలో లేదు” అన్న మాట సోమరితనానికి ముసుగు కాకూడదు. నాడు ప్రభుత్వం టాటా కర్మాగారం నుంచి పదేళ్లపాటు ఏటా 20,000 టన్నుల పట్టాలు కొనడానికి అంగీకరించినప్పుడు, పట్టాలు నిర్ణీత ప్రమాణానికి తగి ఉండాలని షరతు పెట్టింది. నాణ్యత తయారీదారు చేతిలోనిది గనుక అది న్యాయమైన షరతు.

సలహాదారు చేతిలో ఉన్నవీ తక్కువేమీ కావు. ఏ తేదీకి ఏ పని జరుగుతుందో చెప్పడం, ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికి లెక్క చూపడం, అబద్ధపు ప్రకటన వేయకపోవడం, వ్యాపార రహస్యాన్ని దాచడం, పోటీదారుకు అదే సమయంలో పనిచేయకపోవడం: వీటన్నిటికీ వ్రాతపూర్వకంగా పూచీ అడగవచ్చు. తప్పితే ఫీజు కోయవచ్చు.

మరొక మార్గం పరీక్ష. ఒక నెల బారిడీహ్‌లో మాత్రం ప్రచారం చేసి, పక్కనున్న సిద్‌గోరాలో మానివేసి, రెండుచోట్ల అమ్మకాలను పోల్చిచూడవచ్చు. పండుగ వల్ల పెరిగినదెంతో, ప్రచారం వల్ల పెరిగినదెంతో కొంతవరకు తేటపడుతుంది. నష్టం వచ్చినా అది ఒక నెల ఖర్చుతో పోతుంది. ఫలితంలో భాగం ఇవ్వదలిస్తే ఆ లెక్క అమ్మకం మీద కాక లాభం మీద ఉండాలి. పని విలువకు తగిన కనీస ఫీజు వేరుగా ఉండాలి.

హామీ పత్రం చేతికి వచ్చినప్పుడు వ్యాపారి వేయవలసిన ప్రశ్న ఒక్కటే: “ఇందులో వ్రాసినది జరిగితే నా ఇంటికి మిగిలేదెంత?” ఆ ప్రశ్నకు కాగితం మీద అంకెలు వేసి జవాబు చెప్పగలవాడు, అవసరమైతే “ఈ పని మీకు వద్దు” అనగలవాడు, ఎట్టి హామీ ఇవ్వకపోయినా నమ్మదగినవాడే.